కెమెరా ముచ్చట్లు: టాప్ యాంగిల్ ఎప్పుడు, ఫ్లాష్ ఎక్కడ?

మాఘం లగ్గాలు మొదలైతే చాలు, ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాలన్నీ పెళ్లి మండపం చుట్టే తిరుగుతయి. ఈసారి ఎక్కువమంది అడిగింది పైనుంచి తీసే ఫోటోల గురించి. కొందరు పేర్లు అచ్చు వెయ్యొద్దన్నరు కాబట్టి అందరివీ ఊర్లు మాత్రమే ఇస్తున్నం.

*

ప్రశ్న: అన్నా, నేను ఈ మధ్యనే సొంతంగా పెళ్లి ఆర్డర్లు పట్టుకుంటున్న. ఐదడుగుల మోనోపాడ్ (ఒంటికాలి కెమెరా కర్ర) కొని, దానికి కెమెరా బిగించి, తలువాల (తలంబ్రాల) టైముకు పైకి లేపి తీస్తున్న. యాంగిల్ కొత్తగ ఉంది గానీ ఫోటో మంచిగ వస్తలేదు. పంతులు గారి గుండు తెల్లగ మెరుస్తది. ఇత్తడి పళ్లెంల ఫ్లాష్ మచ్చ పడుతది. పెళ్లికొడుకు, పెళ్లికూతురు నేలకు అతుక్కపోయినట్టు కనిపిస్తరు. బియ్యం పడుతున్నట్టే తెలుస్తలేదు. ఫ్లాష్ కెమెరా మీదనే ఉంటది. ఏం చెయ్యాలె?
– ఒక ఫోటోగ్రాఫర్, దేవరకొండ

జవాబు: తమ్ముడూ, అన్నింటికీ ఫ్లాష్‌నే తిడుతున్నవ్ గానీ, బియ్యం సంగతిల దాని తప్పేం లేదు. అక్కడినుంచే మొదలుపెడుతా.

తలువాలు పైనుంచి తీస్తే పడుతున్నట్టు కనిపించవు. బియ్యం కిందికి పోతున్నయి, నీ లెన్స్ కూడా కిందికే చూస్తున్నది. గింజ పోయే దారి, నువ్వు చూసే దారి ఒకటే అయినప్పుడు ఆ గింజ ఒక చుక్కనే. ఎంత ఖరీదైన ఫ్లాష్ పెట్టినా అది చుక్కనే. పడుడు చూపియ్యాలంటే కిందికి దిగు, పక్కనుంచి తియ్యి. దోసిలి నుంచి తల మీదికి అడుగున్నర దూరం పడ్డ గింజ, తలను తాకేసరికి సెకనుకు 3 మీటర్ల వేగం అందుకుంటది. షట్టర్ 1/200 పెట్టి హాల్ల ఉన్న వెలుతురుతోనే తీస్తే, షట్టర్ తెరిచి ఉన్నంతలో గింజ ఒకటిన్నర సెంటీమీటర్లు జరుగుతది. బియ్యపు గింజ పొడుగే ఆరేడు మిల్లీమీటర్లు. అందుకే తెల్ల గీతలు వస్తయి. అదే ఫ్లాష్‌ను ఫుల్ పవర్ల కాకుండ 1/16 దగ్గర పెడితే, చాలా ఫ్లాష్‌లల్ల ఆ మెరుపు సెకనుల పదివేల వంతు దగ్గర్లనే ముగుస్తది. అంతసేపట్ల గింజ జరిగేది వెంట్రుక వాసి అంత. గాలిల ఆగిపోయినట్టు, పసుపు రంగుతో సహా గింజ గింజ లెక్కపెట్టొచ్చు.

ఐఎస్ఓ (కెమెరా వెలుగును పట్టే సున్నితం) 400, ఎపర్చర్ (లెన్స్ తెరుచుకునే రంధ్రం) 5.6, ఫ్లాష్ వాళ్లకు ఎనిమిది అడుగుల దూరం పెట్టుకుంటే 1/16 సరిపోతది. ఒక్క షరతు. అదే టైముకు వీడియో అన్న తన ఎల్‌ఈడీ లైటును వాళ్ల ముఖం మీదికి తెస్తే ఆ వెలుతురుకు ప్రతి గింజకూ తోక మొలుస్తది. కాబట్టి పొద్దున టిఫిన్ కాడనే వీడియో అన్నతోని మాట్లాడుకో. తలువాలప్పుడు లైటు రెండడుగులు వెనక్కి జరపమని బతిమాలుకున్నా తప్పు లేదు.

ఇగ, మరి పైనుంచి తీసేది దేన్ని? నా లెక్క ఒకటే. నేల మీద, తలల మీద పరిచి ఉన్నది ఏదన్నా ఉంటే ఎక్కు. ముఖాలల్ల జరిగేది అయితే దిగు. జీలకర్ర బెల్లం చూడు. కిందినుంచి తీస్తే ఎవరిదో ఒకరి చెయ్యి ఇంకొకరి ముఖానికి అడ్డం వస్తది. పైనుంచి తీస్తే రెండు తలలు, రెండు చేతులు, తమలపాకు, ఆకు కింద ముద్ద, అన్నీ ఒక్క ఫ్రేముల కూర్చుంటయి. ఇంకా మంచిది దానికి ముందటి ఘడియ, అడ్డుతెర పట్టుకున్నప్పటిది. పైనుంచి ఆ తెర ఉట్టి గీత. గీతకు ఇటు పక్క ఆమె తల వంచుకొని, అటు పక్క ఆయన తొంగి చూడబోతూ. ఒకరికొకరు కనిపించని ఇద్దరినీ ఒక్కసారే చూసే వీలు ఆ మండపంల ఇంకెవరికీ లేదు, పంతులు గారికి కూడా. ఐరేని కుండలు, వాటి చుట్టూ వేసిన ముగ్గు, మైలపోలు నాడు ఇంటి ముంగట పసుపు దంచే ఆడోళ్ల గుంపు, ఇవన్నీ పైనుంచి చూడవలసినవే. పుస్తె కట్టేటప్పుడు మాత్రం ఎక్కకు. అప్పుడు ఆమె కండ్లు కావాలె, వాళ్లమ్మ కండ్లు కావాలె. పైనుంచి నీకు దొరికేది రెండు బాసికాలు, ఇంత పూలజడ.

ఇప్పుడు మెరుపు సంగతి. క్యారం బోర్డు ఆడినవ్ కదా. స్ట్రైకర్‌ను గోడకు సూటిగ కొడితే సూటిగనే తిరిగొస్తది, ఏటవాలుగ కొడితే అటు పక్కకు పోతది. వెలుగూ అంతే. కెమెరా మీది ఫ్లాష్ గుండు మీద, పళ్లెం మీద, పాలిష్ బండల మీద సూటిగ పడి సూటిగ నీ లెన్స్‌లకే వస్తున్నది. ఫ్లాష్‌ను కెమెరా మీదికెల్లి దించి పక్కన స్టాండుకు పెట్టు. ట్రిగ్గర్ పెట్టుకుంటే వైరు కూడా అక్కర్లేదు. అప్పుడు ఆ మెరుపు అవతలి పక్కన కూర్చున్న మేనమామ కండ్లల్లకు పోతది గానీ నీ ఫోటోలకు రాదు.

నేలకు అతుక్కపోయినట్టు ఎందుకున్నరంటే నీడ లేక. వెలుగు, కెమెరా ఒకే చోట ఉంటే ప్రతి వస్తువు నీడ ఆ వస్తువు కిందనే దాక్కుంటది. కూర్చున్న వాళ్ల తలల కంటే రెండడుగులు పైన, మండపం వెనక మూలకు ఒక ఫ్లాష్ పెట్టి చూడు. వెలుగు పక్కవాటుగ జారుతది. ఒళ్లో పడ్డ ప్రతి బియ్యపు గింజ పక్కన దాని నీడ నిలబడుతది. చీర మడతలు లేస్తయి. ముంగట దిక్కు తెల్ల గొడుగుల ఇంకో ఫ్లాష్, దానికంటే బాగా తక్కువ పవర్ల పెట్టు, ముఖాలు మరీ నల్లబడకుండ.

లెన్స్ గురించి నువ్వు అడగలే గానీ చెప్తా. చేతులెత్తి ఐదడుగుల కర్ర పట్టుకుంటే కెమెరా పదకొండు అడుగుల దాకా పోతది. కర్ర వాళ్ల మీదికి వంచాలె కాబట్టి పది అనుకో. పీటల మీద కూర్చున్న వాళ్ల తలలు మూడడుగుల ఎత్తుల ఉంటయి. మిగిలింది ఏడడుగులు. ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సార్) కెమెరాకు 24 ఎంఎం లెన్స్ పెడితే ఆ దూరంల 10.5 అడుగుల పొడుగు, 7 అడుగుల వెడల్పు పడుతది. ఇద్దరు పెళ్లివాళ్లు, కన్నవాళ్లు, పంతులు గారు, పళ్లేలు అన్నీ వస్తయి. చిన్న సెన్సార్ కెమెరా అయితే ఇదే లెక్కకు 16 ఎంఎం కావాలె. ఫుల్ ఫ్రేమ్ మీద 16 పెట్టకు. అంచున కూర్చున్న పెద్దమనిషి తల సొరకాయ లెక్క సాగుతది, ఆల్బం ఇచ్చిన్నాడు ఆయన నిన్నే అడుగుతడు. 5.6 ఎపర్చర్ దగ్గర ఏడడుగులకు ఒకసారి ఫోకస్ చేసి మాన్యువల్‌కు మార్చుకో. తలల నుంచి నేల దాకా అంతా షార్ప్‌గనే ఉంటది. కర్ర మీద ఆటో ఫోకస్‌ను నమ్ముకుంటే అది పోయి ఆకుల తోరణాన్ని పట్టుకుంటది.

కర్ర లేపే ముందు తల ఎత్తి చూడు. ఫంక్షన్ హాల్ల ఫ్యాన్ తిరుగుతుంటది. ఊర్ల ఇంటి ముంగట పందిరి అయితే కరెంటు వైరు పందిరి మీదినుంచే పోతది. నీ మోనోపాడ్ అల్యూమినియంది, దానిలకెల్లి కరెంటు పారుతది. కెమెరా బెల్టును కర్రకు రెండు చుట్లు చుట్టి ముడెయ్యి. తలకాయ స్క్రూ వదులైతే కెమెరా పడేది పెళ్లికూతురు నెత్తి మీదనే.

*

ప్రశ్న: రిటైర్డ్ టీచర్‌ను. ఈ టాప్ యాంగిల్ ఫోటోలు సెల్‌ఫోన్ల కాలంలో పుట్టిన ఫ్యాషనేనా? మా కాలంలో ఇవి చూసిన గుర్తు లేదు.
– ఒక పాఠకుడు, సూర్యాపేట

జవాబు: సార్, ఫ్యాషన్ పాతదే, కర్రనే కొత్తది. వెనకటి రెండు లెన్సుల బాక్సు కెమెరాలు మీకు యాదికి ఉండే ఉంటయి, యాషికా లాంటివి. వాటిల బొమ్మను పైనుంచి, గాజు తెర మీదికి వంగి చూసేది. గుంపు అడ్డమున్నప్పుడు ఆ కెమెరాను తలకిందులు చేసి రెండు చేతులతో నెత్తి మీదికి లేపేటోళ్లు. అప్పుడు గాజు తెర మన ముఖం మీదికి వస్తది. మెడ ఎత్తి చూస్తూ మీట నొక్కుడే. గాజు మీద కుడి ఎడమలు తారుమారుగ కనిపిస్తయి, చెయ్యి ఇటు జరిపితే బొమ్మ అటు జరుగుతది. అలవాటు కావాలె. 120 రోలుకు 12 ఫోటోలే వచ్చేవి కాబట్టి మీట ఊరికే నొక్కేటోళ్లు కాదు. మీరు చూడలేదంటే, ఆ 12ల ఒకటి దీనికి ఖర్చు పెట్టే ధైర్యం ఎక్కువమందికి లేకనే.

*

ప్రశ్న: మా పెద్ద బిడ్డ పెళ్లిల జీలకర్ర బెల్లం టైముకు ఫోటోలోళ్లు, వీడియోలోళ్లు, లైట్లు పట్టుకున్న పిల్లలు స్టేజీ నిండ నిలబడ్డరు. కింద కూర్చున్న చుట్టాలకు వాళ్ల వీపులే కనిపించినయి. పక్కన పెట్టిన తెర మీద చూసుకోవాల్సి వచ్చింది, ఇంట్ల టీవీ చూసినట్టు. వచ్చే వైశాఖంల రెండో బిడ్డ లగ్గం. ఫోటోగ్రాఫర్‌తోని ముందే ఏం మాట్లాడుకోవాలె?
– ఒక తండ్రి, మిర్యాలగూడ

జవాబు: పెద్దన్నా, మీ బాధ నిజమే. మా పనోళ్ల మీద ఈ ఫిర్యాదు నేను విననిది కాదు. ఆర్డర్ రాసుకునేటప్పుడే, అడ్వాన్స్ చేతికి ఇయ్యక ముందే ఒక మాట అడగండి: ముహూర్తం టైముకు స్టేజీ మీద మీవాళ్లు ఎంతమంది ఉంటరు? ఇద్దరికి మించొద్దు, వాళ్లు కూడా కూర్చొని లేదా మోకాళ్ల మీద ఉండాలె అని చెప్పండి. మిగిలినోళ్లు కింద, నడిమి దారికి ఆ చివర, 70-200 లెన్స్ పెట్టుకొని పని చేసుకోవచ్చు. ముఖాలు అక్కడినుంచే బాగా వస్తయి.

లైట్లు పట్టుకునే పిల్లలు అసలే అక్కర్లేదు. నేనూ ఆ లైటు పట్టిన చేతినే, వాళ్ల కడుపు కొట్టమని చెప్తలేను. స్టాండ్లకు ఫ్లాష్‌లు పెట్టి, స్టాండ్ కాళ్లకు ఇసుక సంచులు కట్టే పని వాళ్లకు ఇయ్యొచ్చు. స్టాండ్లు మండపం మూలలకు, పూల కట్టల పక్కన నిలబెడితే ఎవరికీ అడ్డం రావు.

పైనుంచి తీసే ఫోటోకు మనిషే అక్కర్లేదు. డెకరేషన్ వాళ్లు మండపానికి ఇనుప పైపులు కడతరు కదా, దాని నడిమి పైపుకు క్లాంప్ బిగించి చిన్న కెమెరా ఒకటి వేలాడదీస్తే, కింద కూర్చున్నోడు ఫోన్ల చూసుకుంటూ మీట నొక్కుతడు. కాకపోతే డెకరేషన్ ఆయనతోని ముందటి రోజే మాట్లాడాలె. పైకప్పంతా పూలతోని మూసేసినంక కెమెరాకు సందు దొరకదు. క్లాంప్‌తో పాటు ఉక్కు తీగ ఒకటి వేరుగ కట్టిండా లేదా, పైపు ఊగుతున్నదా అని మీరే ఒకసారి చేత్తోని పట్టి చూడండి. ఊగితే వద్దనండి.

ఇంకో మాట. పంతులు గారితో పుస్తె మళ్లీ కట్టిపిచ్చి, తలువాలు మళ్లీ పోయిపిచ్చి ఫోటో తీసుకునే అలవాటు ఉన్నోళ్లను నేనైతే పిలువ. ముహూర్తానికి ముందే పంతులు గారి దగ్గర కూర్చొని, ఏది ఎప్పుడు వస్తదో అడిగి తెలుసుకుంటే ఆ అవసరమే రాదు. ఆయన కూడా మంచిగనే చెప్తడు, "ఇప్పుడు తెర దించుత, చూసుకో" అని సైగ చేసే పంతుళ్లు మన దిక్కు చాలామంది.

*

ప్రశ్న: ఊర్లల్ల ఇంటి ముంగట పచ్చని పందిరి కింద తీస్తే ముఖాలు ఆకుపచ్చగ, మచ్చలు మచ్చలుగ వస్తున్నయి. షామియానా కింద అయితే ఎర్రగ వస్తున్నయి. ఫ్లాష్‌ను పైకి బౌన్స్ చేసినా అంతే.
– ఒక ఫోటోగ్రాఫర్, కల్వకుర్తి

జవాబు: బౌన్స్ చేసినందుకే అంత. ఫ్లాష్ వెలుగు ఏ గుడ్డకు తాకితే ఆ గుడ్డ రంగు పూసుకొని వస్తది. తెల్ల సీలింగ్ ఉన్న హాల్ల చేసే పని రంగు షామియానా కింద చెయ్యకు. ఫ్లాష్‌ను తెల్ల గొడుగులకు కొట్టి పక్కనుంచి వాడు. పందిరి ఆకుల సందులకెల్లి పడే ఎండ మచ్చలకు ఒకటే మందు, ఫ్లాష్ పవర్ పెంచి వాటి మీద గెలవాలె. మిట్ట మధ్యాహ్నం ముహూర్తం అయితే ఐఎస్ఓ 100, షట్టర్ 1/200, ఎపర్చర్ 8 దగ్గర మొదలుపెట్టి, ఫ్లాష్‌ను ఆరేడు అడుగుల దగ్గరికి తెచ్చుకో. దూరం సగం చేస్తే వెలుగు నాలుగింతలు పెరుగుతది, కొత్త ఫ్లాష్ కొనుడు కంటే స్టాండు జరుపుడు అగ్గువ. ముఖం మీద సూటిగ పడ్డ ఎండ మచ్చను మాత్రం ఏ ఫ్లాష్ చెరపదు. ఆ సందు మీద ఇంకో మామిడి మండ వేయించు.

*

ప్రశ్న: అంకుల్, వచ్చే నెల నా పెళ్లి. హాల్ లోపలనే డ్రోన్ ఎగిరేసి తీస్తానని మా ఫోటోగ్రాఫర్ అంటున్నడు, దానికి వేరే పైసలు. ఒప్పుకోవాల్నా? ఇంకోటి, నేను గద్వాల చీర కొంగు చుట్టూ పరుచుకొని నేల మీద కూర్చుంటే నిట్టనిలువుగా పైనుంచి తీయించుకోవాలని ఉంది. అట్లాంటి ఫోటో ఎట్ల అడగాలె?
– ఒక పెళ్లికూతురు, జడ్చర్ల

జవాబు: బిడ్డా, ముందుగాల శుభాకాంక్షలు.

హాల్ లోపల డ్రోన్ వద్దు. బయట ఎగిరేటప్పుడు అది ఉపగ్రహాల సిగ్నల్ పట్టుకొని ఒకచోట నిలబడుతది. రేకుల కప్పు కింద ఆ సిగ్నల్ సరిగ అందదు, పక్కకు జరుగుతది. రెక్కల గాలికి హోమంల బూడిద లేచి మీ బట్టల మీద పడుతది, తోరణం పూలు రాలుతయి, మంత్రాలు ఎవరికీ వినపడవు. చిన్నపిల్లలు ఎగిరి పట్టుకోబోతరు. ఆ పైసలతోని ఇంకో మంచి ఫ్లాష్ కిరాయికి తెచ్చుకోమను.

బయట బరాత్‌కు అయితే వాడుకోవచ్చు, కానీ దానికి చట్టం ఉంది. 2021 ఆగస్టు 25న కేంద్రం తెచ్చిన డ్రోన్ రూల్స్ ప్రకారం 250 గ్రాముల లోపుది నానో డ్రోన్, దానికి పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. అది దాటి 2 కిలోల దాకా ఉన్న మైక్రో డ్రోన్‌ను కిరాయికి, అంటే మీ ఫోటోగ్రాఫర్ లెక్క పైసలు తీసుకొని ఎగిరెయ్యాలంటే సర్టిఫికెట్ ఉండాలె. గ్రీన్ జోన్‌ల, అంటే ముందు అనుమతి అడగక్కర్లేని చోట, ఎత్తు 400 అడుగులు దాటొద్దు. విమానాశ్రయం ప్రహరీకి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య అయితే 200 అడుగులే. మీ ఊరు శంషాబాద్‌కు చాలా దూరం, ఆ భయం లేదు. బరాత్ దారిల కరెంటు తీగలు, గుంపు నెత్తి మీద ఎగిరేసుడు, ఈ రెండే అసలు భయాలు. దాన్ని గుంపుకు పక్కగ ఉంచమని చెప్పు.

ఇగ నీ ఫోటో. దీనికి డ్రోనూ వద్దు, నిచ్చెనా వద్దు. చాలా హాళ్లల్ల భోజనాలు ఒక అంతస్తుల, పెళ్లి ఇంకో అంతస్తుల ఉంటది. మెట్ల దగ్గరో, బాల్కనీ దగ్గరో రెయిలింగ్ ఉంటది. కెమెరా ఆ రెయిలింగ్ మీదికి, నువ్వు దాని కిందికి. మొదటి అంతస్తు అంటే పన్నెండు, పదమూడు అడుగుల ఎత్తు. అంత దూరం నుంచి 35 ఎంఎం లెన్స్ వాడమను. తక్కువ ఎత్తుల వైడ్ లెన్స్‌తో తీస్తే నీ తల లెన్స్‌కు దగ్గరగ ఉండి పెద్దగ, కాళ్లు చిన్నగ వస్తయి. పైనుంచి తీసిన చాలా ఫోటోలల్ల పెళ్లికూతుళ్లు బొమ్మల లెక్క కనిపించేది అందుకే.

గద్వాల చీర ఒంటికి నూలు, అంచుకు, కొంగుకు పట్టు, జరీ. ఆ రెండు నేతలు వెలుగును రెండు తీర్లుగ తీసుకుంటయి. నూలు వెలుగును తాగుతది, జరీ తిరిగి విసురుతది. ఫ్లాష్ రెయిలింగ్ మీదనే, కెమెరా పక్కన పెడితే జరీ అంతా తెల్లగ కాలిపోతది, నేత కనిపించదు. ఫ్లాష్‌ను కింద నీకు ఒక పక్కన, ఆరడుగుల దూరంల, నీ తల ఎత్తుకంటే కొంచెం పైన గొడుగుతోని పెట్టాలె. అప్పుడు జరీ ఒక దిక్కు బంగారంలా మెరుస్తది, ఇంకో దిక్కు నీడకు దిగుతది, నేసినాయన చేతి పని అంతా కనపడుతది. కొంగును చాప లెక్క సాపుగ పరవకు. అక్కడక్కడ మడతలు లేవనియ్యి, పక్క వెలుగుకు ఆ మడతలే కావాలె.

నేల సంగతి ఎవరూ చూసుకోరు. హాళ్లల్ల నిగనిగలాడే టైల్స్, వాటిల మీది బల్బులన్నీ చుక్కలు చుక్కలుగ కనిపిస్తయి. డిజైన్ లేని, ముదురు రంగు జంపఖానా ఒకటి ఇంటినుంచి తెచ్చుకో. కూర్చున్నంక తల వెనక్కి వాల్చి సూటిగ లెన్స్‌లకు చూడు. తల దించుకొని కూర్చుంటే పైనుంచి పాపిట బిళ్ల, నుదురే కనిపిస్తయి. ఇది ముహూర్తం రోజు పెట్టుకోకు, ఎవరో ఒకరు కొంగు తొక్కుతరు. ముందటి రోజు సాయంత్రం హాల్ తాళాలు చేతికి రాంగనే, జనం రాకముందు తీయించుకో.

*

ప్రశ్న: రిసెప్షన్ స్టేజీ వెనక ఎల్‌ఈడీ వాల్ పెడుతున్నరు. ఫోటోలల్ల అడ్డంగ నల్ల గీతలు వస్తున్నయి. ముఖాలు ఒక పక్క పసుపు, ఒక పక్క నీలం. కెమెరా పాడైందా?
– ఒక అసిస్టెంట్, నాగర్‌కర్నూల్

జవాబు: కెమెరా మంచిగనే ఉంది. మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే దానిమీద నడిచే అగ్గువ బల్బులు సెకనుకు 100 సార్లు మినుకుతయి. కంటికి తెల్వదు, షట్టర్‌కు తెలుస్తది. 1/100 లేదా 1/50 పెడితే ఒక మినుకు పూర్తిగ లోపలికి వస్తది, గీతలు పోతయి. ఎల్‌ఈడీ వాల్‌ది వేరే లెక్క, ఒక్కో కంపెనీ తెర ఒక్కో వేగంతో మారుతుంటది కాబట్టి పెళ్లివాళ్లు స్టేజీ ఎక్కకముందే రెండు మూడు షట్టర్లు పెట్టి చూసుకో. సైలెంట్ షట్టర్ (చప్పుడు చెయ్యని ఎలక్ట్రానిక్ షట్టర్) వాడుతుంటే బంద్ చెయ్యి, సగం గీతలు దానివల్లనే.

రంగుల సంగతికి వస్తే, నీ ఫ్లాష్ వెలుగు రంగు కెల్విన్ కొలతల 5500, పాత హాలోజన్ లైట్లది 3200. ఆ రెండూ ఒక్క ముఖం మీద పడితే వైట్ బ్యాలెన్స్ (తెలుపును తెలుపుగ చూపే కెమెరా సెట్టింగ్) ఎవరి మాట వినాలె? ఫ్లాష్ ముంగట సీటీవో అనే నారింజ రంగు జెల్ ముక్క అంటించు, అది ఫ్లాష్‌ను కూడా హాలోజన్ దారికి తెస్తది. కెమెరాను 3200కు పెట్టు. డీజే వాళ్ల నీలం, గులాబీ లైట్లు ముఖాల మీద తిరుగుతుంటే జెల్ కూడా ఏం చెయ్యలేదు. దండలు మార్చుకునే ఐదు నిమిషాలు ఆ లైట్లను జనం దిక్కు తిప్పమని అడుగు, ఎవరూ కాదనరు.

*

ప్రశ్న: డిగ్రీ చదువుతున్న. పాత కెమెరా ఒకటి ఉంది, ఒక్క ఫ్లాష్ కొనేంతే పైసలున్నయి. ఏది కొనాలె? లైటింగ్ నేర్చుకోవాలంటే ఎక్కడికి పోవాలె?
– ఒక విద్యార్థి, నల్లగొండ

జవాబు: నేర్చుకోవాలంటే పానగల్లు పో. మన ఊరికి ఆనుకొనే ఉంది. ఛాయా సోమేశ్వరాలయం మూడు గర్భగుళ్ల గుడి, కుందూరు చోడుల కాలం నాటిది. ఒక గర్భగుడిల శివలింగం వెనక స్తంభం నీడ పొద్దంతా కదలకుండ నిలబడి ఉంటది. పొద్దు కదులుతున్నా నీడ కదలదు. ఎండ సూటిగ లోపలికి రాదు కాబట్టి. బయటి వెలుగు స్తంభాల సందులకెల్లి చెదిరి లోపలికి చేరుతది, దారులు మారవు కాబట్టి నీడ చోటూ మారదు. ఒకసారి పొద్దున, ఒకసారి మధ్యాహ్నం కూర్చొని నీడ అంచు ఎంత మెత్తగ ఉన్నదో చూడు. తర్వాత బయటికొచ్చి ఎండల నీ చేతి నీడ చూడు, కత్తితో కోసినట్టుంటది. సూటి ఫ్లాష్‌కు, గొడుగు పెట్టిన ఫ్లాష్‌కు తేడా అదే. దానికి ఫీజు లేదు.

ఫ్లాష్ కొనేటప్పుడు డబ్బా మీది గైడ్ నంబరు (ఫ్లాష్ బలం చెప్పే అంకె) చూసి మోసపోకు. 60 అని రాస్తరు. అది ఫ్లాష్ తలను 200 ఎంఎం దాకా జూమ్ చేసి, వెలుగునంతా ఒక సన్న దారిల పంపినప్పటి లెక్క. పెళ్లిల వాడే వెడల్పుకు అది సగానికి పడిపోతది, 28 అనుకో. ఆ నంబరును ఎపర్చర్‌తో భాగిస్తే మీటర్లల్ల దూరం వస్తది. 28ని 5.6తో భాగించు, 5 మీటర్లు. ఐఎస్ఓ 100 నుంచి 400కు పెంచితే అది 10 మీటర్లు అయితది. ఈ భాగారం నోటికి వస్తే చాలు, ఆటో మోడ్ లేని అగ్గువ ఫ్లాష్ కూడా నీకు పని చేస్తది.

నా సలహా అయితే ఖరీదైన కంపెనీ ఫ్లాష్ ఒక్కటి కొనకు. మాన్యువల్ పవర్ మార్చుకునే వీలున్న సాదా ఫ్లాష్ ఒకటి, ట్రిగ్గర్ జత, ఆరడుగుల స్టాండు, తెల్ల గొడుగు ఒకటి. అన్నీ కలిపి చాలాసార్లు కంపెనీ ఫ్లాష్ ధరల సగం కూడా కావు. రీఛార్జ్ అయ్యే నికెల్ బ్యాటరీలు నాలుగేసి రెండు సెట్లు పెట్టుకో. ఒక సెట్టు వేడెక్కి ఫ్లాష్ ఛార్జ్ కావడానికి ఆలస్యం చేస్తున్నదంటే వెంటనే మార్చు, పంతులు గారు ఆగరు. స్టాండు కొన్నంక మొదటి నెల పెళ్లిళ్లకు పోకు. ఇంట్ల మీ అమ్మను బియ్యం చెరుగుమని, చాట మీదికి పక్కనుంచి ఫ్లాష్ కొట్టి, కుర్చీ ఎక్కి పైనుంచి తియ్యి. వచ్చిన ఫోటోలు పంపు, బాగున్నవి వచ్చే నెల ఈ పేజీల వేస్తం.